నెత్తురు పోయే దిక్కు

కోడుమూరు
12 జూన్ 1936

ఎర్రగుంట్ల స్టేషన్లో ఉండే అన్న గిడ్డయ్యకు తమ్ముడు లింగన్న దండం పెట్టి రాస్తాండాను.

ఈడ అమ్మ, నేను, నా ఇంటిది ఈరక్క, పిల్లోల్లు ఉండాము. అమ్మకు ఎడమ కన్ను పొర కమ్మింది. నూలు పోగు కనపడక కండెలు చుట్టేది మానుకొనింది. చేతులు ఊరికే పెట్టుకొని కూర్చోలేదు గదా, ఇంటింటికి పోయి వాళ్ళ చింతపండు తెచ్చుకొని గింజలు తీసి ఇస్తాంది. వద్దంటే వినదు. మృగశిర వచ్చి ఐదు దినాలయినా చినుకు లేదు. హంద్రి ఎండిపోయింది. ఇసకలో చెలమ తీసి నీళ్ళు తోడుకొంటాండాము. ఒక చెలమ కాడ ఊరంతా ముంచుతారు, పశువులూ ఆడనే తాగుతాయి.

నా సంగతి కొంచెం రాయాల. ఫాల్గుణంలో అమ్మను తోడుకొని అహోబిలం తిరునాళ్ళకు పోయింటి గదా. ఆడ్నించి వచ్చినాక నెత్తుటి బంక విరేచనాలు పట్టుకొని ఇరవై దినాలు చెంబు చేతిలోనే ఉండె. అది దానంతట అదే నిలిచింది. ఇప్పుడు ఇంకొక పోరు మొదలయింది. కుడి పక్క ఎముకల కింద నొప్పి. అది భుజం లోపల్నించి లాగుతాది. మగ్గంలో నాడె ఇసిరినప్పుడల్లా పండ్లు బిగబట్టుకోవాల్సి వస్తాంది. పొద్దు గూకితే చలి జ్వరం, తెల్లారేసరికి దుప్పటి తడిసిపోయేంత చెమట. పది దినాల్నించి పొట్ట బిగిసింది. పంచె ముడి నిలవదు. మగ్గం గుంటలో కూర్చుంటే ముందరి దూలం పొట్టకు తగుల్తాది. కాళ్ళు గూడా పొంగినాయి.

మీకు రైల్వే డాక్టరు ఉంటాడు గదా. ఆయన్ను అడిగి ఏం చెయ్యాల్నో రాయి. అమ్మకు చెప్పలేదు. పొట్ట పెరిగిందని ఈరక్క నవ్వుతాంది గానీ, ఆమెకూ భయంగానే ఉండాది.

వదినెకు, పిల్లోల్లకు నేను అడిగినానని చెప్పు.

నీ తమ్ముడు
లింగన్న


ఎర్రగుంట్ల
21 జూన్ 1936

తమ్ముడు లింగన్నకు అన్న రాసేది.

జాబు అందింది. అమ్మ కంటికి కర్నూల్లో శస్త్రం చేస్తారని విన్నాను. చలికాలం రానీ, చూద్దాం. ఇక్కడ గూడ్సు షెడ్డులో నాకు ఊపిరాడ్డం లేదు. నాపరాళ్ళ వ్యాగన్లు దినానికి ఎనిమిది ఎత్తుతున్నారు. తూకం చీటీలన్నీ నేనే రాయాల. రాయి తగిలి మనిషికి కాలు పోయినా, చీటీ మాత్రం తప్పు పోగూడదు.

డాక్టరును అడగలేదు. అడగాల్సిన పని కనపడలేదు.

మొన్న మీ వీధి పుల్లయ్య ప్రొద్దుటూరికి చీరెలు తీసుకపోతూ ఈడ బండి దిగినాడు. మా ఇంట్లో అన్నం తిన్నాడు. నిన్ను గురించి అడిగితే ముందు మాట తప్పించినాడు. ఇంకోసారి అడిగితే, "ఏం చెప్పేది గిడ్డయ్యా, మీ తమ్ముడు కల్లంగడి అరుగు మీద కూర్చోనుంటే రెండుసార్లు చూసినా, పొట్ట చూస్తే నీకే తెలుస్తాది" అన్నాడు. మీ వదినె కృష్ణవేణి వడ్డిస్తా వడ్డిస్తా ఆడనే నిలబడిపోయింది.

లింగన్నా, నాయన పోయినప్పుడు నీకు ఏడేండ్లు. నీకు గుర్తుండదు. నాకు పన్నెండు. అదే పొట్ట. అవే కాళ్ళు. వేలితో నొక్కితే గుంట పడేది. చేతులు పుల్లలయిపోయి, పొట్ట మాత్రం కుండ అయింది. ఊరంతా తాగుడు పొట్ట అనిరి. ఆయనను మోసుకపోయిన దినం అమ్మ మనిద్దరి చేతులూ తన చేతిలో పెట్టుకొని, జన్మలో తాగుడు ముట్టబోమని ఒట్టు వేయించింది. నేను ముట్టలేదు. నువ్వూ ముట్టలేదనే అనుకుంటూ వచ్చినాను.

జ్వరమని, అహోబిలమని, భుజమని నాకు రాయద్దు. ఎన్నాళ్ళ నుంచో అది రాయి. అమ్మకు నేను ఈ సంగతి చెప్పను. నువ్వూ చెప్పద్దు. ఆమె రెండోసారి చూడగూడదు.

గిడ్డయ్య


కోడుమూరు
2 జూలై 1936

అన్నకు,

నీ జాబు చదివినా. పుల్లయ్య చూసింది నిజమే. కల్లంగడి అరుగు మీద కూర్చున్యా. చెలమ కాడ్నించి బిందె మోసుకొస్తాంటే నొప్పి లేసింది. ఆ దోవలో నీడ ఉండేది ఆ అరుగొక్కటే. రెండుసార్లు గాదు, ఐదారుసార్లు కూర్చోనుంటా.

ఎన్నాళ్ళ నుంచో రాయమన్యావు. దానికి నేను ఏమీ రాయను.

ఈడ ఒక ప్రైవేటు వైద్యుడు వచ్చినాడు, సంత కాడ కొట్టు తీసినాడు. పోయి చూపించుకొన్యా. పొట్ట మీద తట్టి, "దినానికి ఎన్ని ముంతలు?" అని అడిగినాడు. తాగనంటే నవ్వినాడు. కొట్లో ఉండేవాళ్ళందరూ నవ్విరి. ఒక బుడ్డి మందు ఇచ్చినాడు. ఇంటికొచ్చి మూత తీస్తే సారా వాసన. పెరట్లో పోసేసినా.

అమ్మ బాగుండాది. ఈరక్క తమ్మునికి సంబంధం చూస్తాండారు. మొన్న ఒక జల్లు పడింది, బయట చాపిన నూలు పడుగు తడవకుండ ఎత్తేసరికి సగం గంజి పోయింది. మళ్ళా పెట్టినాము.

పొట్ట సంగతి ఇంక నీకు రాయను. విసిగించినాను.

లింగన్న


ఎర్రగుంట్ల
11 జూలై 1936

తమ్మునికి,

నీ జాబులో అరుగు సంగతి ఉండాది, నీడ సంగతి ఉండాది, పడుగు గంజి సంగతి గూడా ఉండాది. తాగలేదు అనే ఒక్క మాట మాత్రం లేదు. రెండుసార్లు చదివి వెతికినాను. వైద్యునికి చెప్పినావట, అన్నకు చెప్పేదానికి నోరు రాలేదు. నువ్వు అబద్ధం రాసే మనిషివి కాదు, అందుకే రాయలేదని నాకు అర్థమయింది. ఆ మాత్రానికి సంతోషపడినాను.

కోపం లేదు. పడినవాన్ని లేపుకోవాల్నే గానీ, కోప్పడి ఏం లాభం. జమ్మలమడుగులో ఒక సాధువు ఉన్నాడు. తాగుడు మాన్పించే పొడి ఇస్తాడు. మా షెడ్డులో ఇద్దరు హమాలీలు తిని మానుకొన్నారు. ఏడు పొట్లాలు పంపుతాండాను. పొద్దున్నే పరగడుపున మజ్జిగలో ఒక పొట్లం. వాంతులు అవుతాయి, భయపడద్దు, లోపల ఉండే విషమంతా పోతాదని చెప్పినాడు. ఏడు దినాలూ గంజి తప్ప ఏమీ తినద్దు.

ఇది తింటే నువ్వు నా తమ్మునివి. తిననంటే నేను చేసేది ఏం లేదు.

పిల్లోల్లను నేను అడిగినానని దగ్గరికి తీసుకో.

గిడ్డయ్య


కర్నూలు, పెద్దాసుపత్రి
29 జూలై 1936

అన్న గిడ్డయ్యకు లింగన్న పెన్సిలుతో రాస్తాండాడు. పండుకొని రాస్తాండా, అక్షరాలు అటూ ఇటూ పోతాయి.

నువ్వు పంపిన పొడి తిన్యా. ఏడు పొట్లాల్లో నాలుగు తిన్యా. తాగనోనికి తాగుడు మాన్పించే మందు ఏం చేస్తాదో చూద్దామని గాదు. తింటే నీ తమ్మున్నని రాసినావు, అందుకని తిన్యా. ఐదో నాటికి లేసి నిలబడలేకపోయినా. ఈరక్క, ఆమె తమ్ముడు నన్ను మోటారు బస్సులో ఎక్కించి ఈడికి తెచ్చిరి. బస్సులో సగం దోవ నాకు తెలీదు.

ఈ మాట నిన్ను బాధపెట్టాలని రాయలేదు. డాక్టరు ఏం తిన్యావో దాచకుండ చెప్పమన్యాడు, పొడి తిన్యానని చెప్పినా. ఎవరిచ్చినారంటే, సంతలో కొన్యానని చెప్పినా. ఇంగ ఆ సంగతి ఈడితో వదిలేద్దాం.

డాక్టరు పేరు ఖాదరు సాహెబు. వయసు మళ్ళినోడు, నెమ్మదిగా మాట్లాడతాడు. మొదట అడిగింది ఆయన గూడా అదే. "ఏమప్పా, తాగుతావా?"

"లేదు సామీ" అన్యా.

"సరే" అని కాగితం మీద రాసుకొన్యాడు. నవ్వలేదు. రెండోసారి అడగలేదు. అన్నా, నాకు ఆడనే కండ్లలో నీళ్ళు తిరిగినాయి. నొప్పి అనుకొని, ఎక్కడ, ఎక్కడ అని తడిమినాడు.

ఆయన చేసింది చెప్తా విను. నా పొట్ట మీద నరాలు లేసినాయి, నీలంగా, వానపాముల మాదిరి. బొడ్డు కింద ఒక నరం మీద రెండు వేళ్ళు ఆనించి పెట్టినాడు. ఒక వేలు కిందికి జరిపి నరంలో నెత్తురు లేకుండ ఒత్తినాడు. కింది వేలు ఎత్తితే నరం గబుక్కున నిండింది. మళ్ళా ఒత్తి, ఈసారి పై వేలు ఎత్తినాడు. నిండలేదు. "చూడు, నెత్తురు కింద నుంచి పైకి పోతాంది" అన్యాడు. నన్ను తిప్పి వీపు చూసినాడు. వీపు మీద గూడా నరాలు లేసినాయంట, నాకు తెలీదు. పక్కనుండే నర్సమ్మకు చెప్పినాడు: "తాగుడు వల్ల వచ్చే పొట్టలో బొడ్డు కింద నెత్తురు కిందికి దిగుతాది. వీపు మీద ఇట్ల నరాలు లేవవు. ఇది అది కాదు."

"మరి ఏంది సామీ?" అన్యా.

"నెత్తుటి బంక పట్టిందా, ఈ ఏడాదిలో?"

అహోబిలం సంగతి చెప్పినా. తల ఊపినాడు. ఆ బంక పుట్టించే పురుగు పేగుల్లోంచి పాకి కార్జంలో చేరుతాదంట. ఆడ కార్జాన్ని కరిగించి చీముగడ్డ చేస్తాది. భుజం లాగేది, చలి జ్వరం, చెమట, అన్నీ దానివే. పొట్ట సంగతి వేరే. కార్జంలోకి వచ్చిన నెత్తురంతా మళ్ళా పైకి గుండెకు పోవాల. పోయే నరాలు కార్జం వెనక పక్క ఒక లావు నరంలో కలుస్తాయి. నా గడ్డ సరిగ్గా ఆ కూడలి పక్కన లేసి ఆ నరాన్ని నొక్కుతాంది.

నాకు అర్థం గాలేదని తెలిసి, "కేసీ కాలువ చూసినావా?" అని అడిగినాడు. చూసినానంటే, "తూము కాడ మట్టి కూలితే ఏమయితాది?" అన్యాడు.

"నీళ్ళు ఎగదన్ని పక్క చేన్లలోకి ఊరుతాయి."

"నీ పొట్టలో నీళ్ళు అవే. పైకి పోలేని నెత్తురు వేరే దోవలు వెతుక్కొంటాది. ఆ నరాలు ఆ దోవలు."

సూది మందు మొదలుపెట్టినాడు. దినానికొకటి, తొడకు. గుండె అదురుతాది, లేవగూడదంట. ఎల్లుండి లావు సూది పక్క ఎముకల మధ్య గుచ్చి చీము లాగుతాడు. బతుకుతానా అని అడిగినా. "గడ్డ మాట నేను చెప్పగలను. నరం మాట నరమే చెప్పాల" అన్యాడు.

అమ్మకు ఇంకా తెలీదు, కడుపునొప్పి అని చెప్పి వచ్చినాము. నాకేమన్నా అయితే ఆమెను నీ కాడికి తీసుకపో. ఈరక్కను గూడా చూసుకో. ఇంకేం లేదు.

లింగన్న


ఎర్రగుంట్ల
3 ఆగస్టు 1936

లింగన్నా,

నీ జాబు వచ్చి మూడు దినాలయింది. జవాబు రాయాలని కూర్చొని లేసినాను, కూర్చొని లేసినాను. ఇంతలో ఈరక్క తమ్ముడు ఇప్పించిన తంతి అందింది. చీము తీసినారు, ప్రాణానికి భయం లేదు అని ఉండాది. తంతి తెచ్చినవానికి నేను ఏం చెప్పినానో నాకు గుర్తులేదు.

నువ్వు తాగుతావని నమ్మినాను. పుల్లయ్య చెప్పకముందే, నీ మొదటి జాబులో పొట్ట అనే మాట చదివినప్పుడే నమ్మినాను. ఆ పొడి నేను పంపినాను. సంతలో కొన్నానని నువ్వు చెప్పినావు. దీన్ని గురించి క్షమించమని రాస్తే, అది నా బరువు దించుకొనేదానికి రాసినట్టు ఉంటాది. నీకు మొహం చూపించి చెప్తాను. ఇప్పుడే బయల్దేరాలనుంది, గానీ స్టేషన్ మాస్టరు విషజ్వరంతో పడినాడు, బదులు మనిషి గుంతకల్లు నుంచి వచ్చిందాక కదిలే వీల్లేదు. ఈ నెలాఖరుకు తప్పకుండ వస్తాను.

ఇంకొక సంగతి ఉండాది. రాయాల్నా వద్దా అని ఆలోచించి రాస్తాండాను.

డాక్టరు నరం ఒత్తిన సంగతి నేను మూడుసార్లు చదివినాను. మూడోసారి చదివేటప్పుడు నాకు నువ్వు కనపడలేదు, నాయన కనపడినాడు. ఆయన మంచం పశువుల కొట్టంలో వేసినారు, నీకు తెలుసునో లేదో. ఇంట్లో పెడితే తాగినోన్ని పిల్లోల్లు చూస్తారని. గంజి చెంబు నేను తీసుకపోయి గడప కాడ పెట్టి వచ్చేవాన్ని. లోపలికి పోయేవాన్ని కాదు. ఒకనాడు ఆయన పిలిచినాడు. "పెద్దోడా, ఈడికి రారా. నా నోరు వాసన చూసి పో. నేను తాగి పదకొండు నెలలయింది" అన్నాడు.

నేను పోలేదు. వినపడనట్టు వెనక్కి తిరిగి వచ్చినాను. ఆ తర్వాత పది దినాలకు పోయినాడు.

ఇరవై తొమ్మిదేండ్లు ఆ మాట నాకు తాగినోని అబద్ధంగానే గుర్తుండాది. ఆయనకు చలి జ్వరం వచ్చేది. చలికాలం గాదు, ఎండాకాలం మొదట్లో రెండు గొంగళ్ళు కప్పేవాళ్ళు. కుడి పక్కకు తిరిగి పడుకోలేకపోయేవాడు. ఇవన్నీ నేను చూసినవే. తాగుడు అని అనుకున్నాక వీటిని మళ్ళా తీసి చూడలేదు.

అమ్మను రెండు మాటలు అడుగు. నాయన నిజంగా మానేసినాడా. ఆయన వీపు మీద నరాలు ఉండెనా. ఆమె మనసు బాగా ఉంటేనే అడుగు. నన్ను గురించి చెప్పినా సరే.

అన్న


కర్నూలు, పెద్దాసుపత్రి
19 ఆగస్టు 1936

అన్నకు దండం.

ఇప్పుడు కూర్చొని రాస్తాండా. రెండుసార్లు సూది గుచ్చినారు. మొదటిసారి శేరున్నర చీము వచ్చింది. చీమంటే తెల్లగా ఉంటాదనుకొన్యా. ఇది జేగురు కలిపిన గంజి మాదిరి ఉండె, వాసన గూడా లేదు. ఈరక్క తట్ట చూసి బయటికి పోయి కూర్చునింది. రెండోసారి అరశేరు. ఆ సాయంత్రానికే జ్వరం దిగింది. భుజం నొప్పి మాయమయింది. అన్నం రుచి తెలుస్తాంది. మా వార్డులో ఒక ముసలాయన ఉండాడు, నందికొట్కూరు దిక్కు మనిషి. నేను తినేది చూసి, నీ కడుపులో ఇంకొకడున్నాడా అని అడుగుతాడు.

పొట్ట మాత్రం అంత వేగంగా దిగలేదు. ఒకసారి నీళ్ళు తీసినారు, సగం మళ్ళా ఊరినాయి. నరంలో నెత్తురు కొంచెం గడ్డకట్టి ఉంటాదని డాక్టరు అంటాండాడు. చీము పోయినాక పైనుంచి ఒత్తిడి తగ్గింది, అయినా లోపల అడ్డుపడింది కరగాల. కరగచ్చు, కరగకపోవచ్చు.

నీ జాబు అందినాక అమ్మను పిలిపించినా. ఎట్లయినా చూడాలని ఏడుస్తాందంట. మంచం పక్కన నేల మీద కూర్చునింది. ఒక పొద్దంతా నా పాదాలు ఒత్తుతానే ఉండె. ఈరక్క నా వీపు తడిగుడ్డతో తుడుస్తాంటే, బాగుండే కంటిని దగ్గరికి పెట్టి చూసింది. ఈరక్క పోయినాక నేను అడిగినా. జరిగింది జరిగినట్టు రాస్తాండా.

"అమ్మా, నాయన పోయేనాటికి తాగుతాండెనా?"

"ఎవురు అడగమన్యారు?"

"అన్న."

"పెద్దోడు అడిగినాడా" అనింది. తర్వాత, "తాగలేదు" అనింది. "ఉగాది నాడు మానేసినాడు. మళ్ళా ఉగాది చూడలేదు."

"నీకెట్ల తెలుసు?"

"దినమ్మూ నోరు వాసన చూస్తాంటి గదా. మొదట్లో నమ్మక చూస్తాంటి. పోను పోను నేను అడగకముందే ఆయనే వచ్చి నోరు తెరిచి నిలబడేవాడు."

వీపు మీద నరాల మాట అడిగినా. నా వీపు మీద చెయ్యి పెట్టి చూపించింది, ఈడ, ఈడ అని. ఆముదం రాసేటప్పుడు చేతికి తగిలేవంట. ఆమెకు చూసిన గుర్తు కంటే ముట్టిన గుర్తే ఎక్కువ ఉండాది. నా వీపు గూడా ముట్టి చూసి, "ఇవే" అనింది.

నాకు కొంచెం కోపం వచ్చింది. "ఇన్నాళ్ళూ మాకు యాల చెప్పలేదు? అన్నకు ఆయనంటే అసహ్యం. నాకు మొహం గూడా గుర్తులేదు" అన్యా.

"చెప్తే ఏమని చెప్పాల? తాగి పోయినాడంటే ఊరు సరే అనుకొని ఊరుకొనింది. మానేసినాక పోయినాడంటే, మరి దేనికి పోయినాడు అంటారు. ఇంట్లో ఆడది ఏం పెట్టిందో అంటారు. అప్పటికే మీ మేనత్త ఆ మాట నోటి కాడికి తెచ్చింది. మీరిద్దరూ సంటోల్లు. నన్ను ఊర్లో ఉండనిస్తారా? దేనికి పోయినాడో నాకే తెలీదు. తాగుడనే పేరు ముందరే ఉండె, దాని కింద దాచినా."

"మా చేత ఒట్టు యాల వేయించితివి?"

"తాగిన కాలం గూడా తాగినాడు గదా. ఆ కాలానికి వేయించినా."

చీకటి పడేముందర లేసి, పోతా పోతా, "పెద్దోనికి రాస్తావా?" అనింది. ఏమని రాయాల అంటే, "తాగలేదని రాయి. గంజి చెంబు గడప కాడ పెట్టి వచ్చేవాడు, అది నాకు తెలుసు. నేను పొమ్మంటేనే పోయినాడు, లోపలికి పోవద్దని చెప్పింది నేనే. అది గూడా రాయి" అనింది.

రాసినా.

లింగన్న


కోడుమూరు
24 సెప్టెంబరు 1936

అన్న గిడ్డయ్యకు, ఇంటికాడ్నించి.

నువ్వు వచ్చి పోయి నెల దగ్గరికొచ్చింది. ఆసుపత్రిలో రెండు దినాలుండి నువ్వు నాతో మాట్లాడింది తక్కువ. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకొని ఏదో చెప్పబోయి, బస్సుకు టయిమయిందంటివి. బస్సు ఇంకా గంట ఉండె, నాకు తెలుసు. చెప్పకపోయినా ఏం గాదు. అమ్మ పక్కన ఆసుపత్రి వసారాలో ఆ మధ్యాన్నమంతా కూర్చుంటివి గదా, ఏం మాట్లాడుకొన్యారో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇంటికొచ్చినాక మాత్రం ఆమె చానా దినాలకు బాగా నిద్రపోయింది.

నన్ను పంపించేటప్పుడు ఖాదరు సాహెబు మళ్ళా వేళ్ళు పెట్టి చూసినాడు. గడ్డ మానింది. నరం సగమే తెరుచుకొనిందని ఆయన అనుకొంటాండాడు. మిగిలిన నెత్తురు పక్క దోవల్లోనే పోతాదంట, ఆ దోవలు బాగా కుదురుకొంటే బతుకు గడుస్తాది. నెలకొకసారి పోయి చూపించుకోవాల. ఉప్పు తగ్గించమన్యాడు. చెలమ నీళ్ళు కాంచకుండ తాగద్దన్యాడు. ఈరక్క ఇప్పుడు ఇంటిల్లిపాదికీ కాంచి చల్లారబెట్టి పోస్తాంది. వీధిలో వాళ్ళు చూసి నవ్వుతారు. ఆమె వాళ్ళకు గూడా చెప్తాంది, ఇద్దరు విన్యారు.

సాయంత్రానికి కాళ్ళు పొంగుతాయి, పొద్దున్నకు తగ్గుతాయి. మగ్గంలో ముందరి మాదిరి పొద్దంతా కూర్చోలేను. సగం పూట నేస్తాండా, సగం పూట ఈరక్క తమ్ముడు కూర్చుంటాడు.

పుల్లయ్య వచ్చినాడు. గడప కాడ నిలబడి, తప్పు చెప్పినానప్పా అన్యాడు. నువ్వు చూసిందే చెప్పినావు, లోపలికి రా అన్యా. మజ్జిగ తాగి పోయినాడు.

వదినెకు, పిల్లోల్లకు చెప్పు, దీపావళికి నేనే వస్తానని.

లింగన్న


ఎర్రగుంట్ల
20 అక్టోబరు 1936

తమ్ముడు లింగన్నకు,

కాళ్ళు పొంగకుండ, పండుకొనేటప్పుడు కింద దిండు పెట్టుకో. మా రైల్వే డాక్టరు చెప్పినాడు. ఈసారి నేనే పోయి అడిగినాను. నీ జాబుల్లో ఉండేవన్నీ చెప్పినాను, ఆయన శ్రద్ధగా విన్నాడు. అంతా విన్నాక నాయన సంగతి గూడా చెప్పి, అదే జబ్బేనా అని అడిగినాను. "అయ్యుండచ్చు. పాత తాగుడు గూడా కొంత ఉండచ్చు. మనిషి పోయి ఇన్నేండ్లయినాక ఎవరు చెప్పగలరు?" అన్నాడు. ఇప్పుడు నీకు వేసిన సూది మందు నాయన కాలానికి ఈ దిక్కుకు రాలేదంట. చెంబు గడప లోపల పెట్టింటే జబ్బు నయమయ్యేది కాదు. అది నాకు తెలుసు. పెట్టింటే బాగుండేదని గూడా తెలుసు.

అమ్మతో వసారాలో ఏం మాట్లాడినానో నువ్వు అడగలేదు గానీ చెప్తాను. మాట్లాడింది ఏం లేదు. నాయన మొహం ఎట్లుండేదో చెప్పమన్నాను, నాకు పొట్ట ఒక్కటే గుర్తుందని చెప్పినాను. ఆమె చెప్పింది. నీ మాదిరి ఉండేవాడంట, నవ్వితే ఎడమ చెంప ముందు కదిలేదంట.

మొన్న పెద్దల అమావాస్యకు ఇంట్లో విస్తరి వేసినాను. ప్రతి ఏడూ ఆ పొద్దు పిల్లోల్లను కూర్చోబెట్టి, మీ తాత తాగి పోయినాడు, మీరు ఆ దిక్కుకు చూడగూడదు అని చెప్పేవాన్ని. పెద్దపిల్ల సుబ్బక్కకు పద్నాలుగేండ్లు, ఆ మాట ఆమెకు నోటికి వచ్చు. నేను మొదలుపెట్టకముందే తన తమ్మునికి చెప్పబోయింది. నేను ఆపినాను.

ఈసారి వరసగా చెప్పినాను. మీ తాత తాగేవాడు. తర్వాత మానేసినాడు. మానేసినాక జబ్బు చేసి పోయినాడు.

ఇద్దరూ నా మొహం చూసినారు. సుబ్బక్క, "మానేసినాడని నీకెవరు చెప్పినారు నాయనా?" అనింది.

అవ్వ చెప్పిందన్నాను.

"ఆమెకు ముందే తెలుసు గదా. ఇన్నాళ్ళూ చెప్పలేదా?"

నేను అడగలేదని చెప్పినాను.

నీ అన్న
గిడ్డయ్య